అంగుళం తోక

ఎనికో చేతిలోని స్పాంజి ఎడమ రెక్క మూడో పక్కటెముక దగ్గర ఆగింది. రెక్క లోపల అడ్డంగా ఉండే సన్నటి చెక్క బద్దలను ఆ మైదానంలో అందరూ పక్కటెముకలనే అంటారు. వాటి మీద గుడ్డ పరిచి, మైనం పట్టించిన దారంతో బద్దకూ గుడ్డకూ కలిపి కుట్టి, కుట్టు మీద పట్టీ అంటించి, పైన రంగు పూస్తారు. సరిగ్గా కుట్టిన రెక్కను వేలితో కొడితే డప్పులా మోగాలి. రెండో పక్కటెముక మోగింది, నాలుగోదీ మోగింది. మూడోది మాత్రం జలుబు చేసిన గొంతులా పలికింది.

ఇంకోసారి కొట్టి చూసింది. అరచేత్తో నొక్కింది. గుడ్డ కాస్త లోపలికి పోయి మళ్ళీ పైకి లేచింది. పొద్దుటి నుంచి ఉక్కగా ఉంది, తేమకు మెత్తబడి ఉంటుందిలే అనుకుని స్పాంజి ముందుకు జరిపింది. నచ్చని సంగతి కంటపడితే దానికి మొదటి సాకు వెతికిపెట్టేది మనమే.

"అమ్మాయిగారూ, మీరు ఆ నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడకండి. అది నాకంటే పాతది" అన్నాడు కింద నుంచి వెండెల్.

వెండెల్ ఆ క్లబ్బు మెకానిక్కు. అరవై ఎనిమిదేళ్ళవాడు. టిసా నదికి ఇవతల ఉన్న ఆ గడ్డి మైదానంలో ఒక ఆచారం ఉంది: ఎవరైనా మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగితే, క్లబ్బులోని వాళ్ళంతా వరుసగా వచ్చి పిర్ర మీద ఒక్కో చరుపు చరిచి, చేతిలో ముళ్ళపూల గుత్తి పెడతారు. ఆ రోజు నుంచి చిన్నా పెద్దా లేదు, అందరికందరూ 'నువ్వు'. ఎనికో కూడా యాభై దాటిన క్లబ్బు పెద్ద కొర్నేల్‌ను నువ్వు అనే అంటుంది. వెండెల్ ఒక్కడే ఆ లెక్కలోకి రాడు. నలభై ఏళ్ళుగా విమానాలు బాగుచేస్తున్నాడు గాని ఒక్కసారి కూడా ఎక్కలేదు. నేను నేల మీది మనిషిని అంటాడు. అందరినీ మీరు అంటాడు, అందరిచేతా మీరు అనిపించుకుంటాడు. తన కుక్క బోద్రి కాళ్ళకు అడ్డం పడితే దానితో కూడా, మీరు కాస్త పక్కకు జరగండి అనే రకం.

కడుగుతున్న విమానానికి పిచ్చుక అని ముద్దుపేరు. ఇంజను లేని గ్లైడర్లను తాడు కట్టి పైకి లాక్కుపోయి వదిలి రావడం దాని పని. ముందొకరు, వెనకొకరు కూర్చునే పాత పసుపు విమానం. సోమవారం నుంచి పిల్లల గ్లైడర్ శిబిరం మొదలవుతుంది. ఇరవై గ్లైడర్లు వస్తాయి. రోజంతా పిచ్చుక వాటిని లాగుతూనే ఉండాలి. లాగేవాళ్ళకు జీతం ఉండదు. కానీ వాళ్ళు గాలిలో గడిపిన ప్రతి నిమిషమూ వాళ్ళ గంటల పుస్తకంలోకి ఎక్కుతుంది, దానికి పైసా కట్టనక్కర్లేదు. ఆ ఒక్క వేసవిలో అరవై గంటలు వస్తాయి. పైలట్ ఉద్యోగం దాకా పాకాలంటే డబ్బు లేనివాళ్ళకు ఉన్న నిచ్చెన అది.

ఎనికో పుస్తకంలో లైసెన్సు వచ్చిన తర్వాత ఇరవై ఎనిమిది గంటల నలభై నిమిషాలున్నాయి. ముప్పై ఉంటే గాని లాగుడు పరీక్షకు కూర్చోనివ్వరు. ఇరవై ఎనిమిది గంటలకే రెండేళ్ళు పట్టింది. ఒక గంట ఎగరాలంటే కారు సీట్ల తొడుగులు కుట్టే ఫ్యాక్టరీలో వారం కూలి పెట్టాలి. లేదంటే విమానాల షెడ్డులో పది గంటలు పనిచేయాలి. పోయిన చలికాలం వేళ్ళు కొంకర్లు పోతుంటే పిచ్చుక రెక్కలు రెండూ కుట్టి, నూట ఇరవై గంటల పనికి పన్నెండు గంటల ఎగురుడు సంపాదించుకుంది. అవి ఇంకా వాడుకోలేదు. క్లబ్బు చిన్న విమానం ఇంజను మరమ్మతుకు పోయి పోయిన వారమే తిరిగొచ్చింది. రేపు, శుక్రవారం సాయంత్రం ఆరింటికి అది తనది. గంటా ఇరవై నిమిషాలు ఎగిరితే చాలు. శనివారం పొద్దున్న పరీక్షాధికారి వస్తాడు.

జలాన్ కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. పొద్దుతిరుగుడు నూనె వ్యాపారి కొడుకు. షెడ్డు మీది కొత్త రేకులు వాళ్ళ నాన్న వేయించినవే. పక్క జిల్లాలో విమానం అద్దెకు తీసుకుని వసంతంలో మూడు వారాల్లో ముప్పై గంటలు పూర్తి చేసి వచ్చాడు. ఆకులు రాలేనాటికి స్పెయిన్‌లో సముద్రం పక్కన ఏదో పెద్ద శిక్షణాలయానికి పోతాడు. ఈ లాగుడు అతనికి వేసవి సరదా. చెడ్డవాడేం కాదు, అదే ఎనికోకి ఇంకా కష్టంగా ఉండేది. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు.

"ఎంత కడిగినా రేపు నేనే మురికి చేస్తాగా" అంటూ గొట్టం అందుకుని చక్రాల మీద నీళ్ళు కొట్టాడు. రేపు ఆరింటికి కొర్నేల్ తనను పిచ్చుకలో తాడు కట్టించి సాధన చేయిస్తాడట. శనివారం ఇద్దరూ పాసైతే వేసవి చెరి సగం. ఒక్కరే పాసైతే మొత్తం వాళ్ళదే. కొర్నేల్ మాట అది.

"నీ గంటలు రేపు అవుతాయిగా?" అన్నాడు జలాన్.

"గాలి లేకపోతే అవుతాయి" అంది. గాలి గురించి తప్ప ఇంక దేని గురించీ అప్పటికి ఆమెకు బెంగ లేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో మధ్యాహ్నం భోజనానికి ముందు, వరుస పెద్ద ఇబోయా ఒక తొడుగు తెచ్చి కొత్తగా చేరిన పిల్ల మిషను మీద పడేసింది. కుట్టంతా బాగానే ఉంది, చివర దారం రెండు వేళ్ళ పొడవున వేలాడుతోంది. మనుషులు కూర్చునే సీటా ఇది, గొర్రె మెడా, అని అడిగింది. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, పక్క మిషను మీదున్న ఎనికోను పిలిచి, దీనికి తోకలు కత్తిరించడం నేర్పు అని చెప్పి పోయింది.

ఎనికో తన చిన్న కత్తెర తీసుకుంది. ముడి వెయ్యి, లాగు, ముడి మొదట్లో కత్తెర ఆనించు, కత్తిరించు. గుడ్డ మీద నూగైనా మిగలకూడదు. ఏడేళ్ళుగా రోజుకు మూడు వందల సార్లు చేసిన పని. కళ్ళు మూసుకున్నా చెయ్యి తన పాటికి తాను చేసుకుపోతుంది.

చేసుకుపోతుంది. కత్తెర పట్టుకున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

జనవరిలో మొదటి రోజు వెండెల్ ముడి చూపించాడు. అది మైనం దారం, జారుతుంది, ముడి దగ్గర అంగుళం తోక వదిలి లోపలికి తొయ్యండి, అని ఒక్కసారే చెప్పాడు. ఆమె తలూపింది. ఆ తర్వాత ఏం చేసింది? తోకలు వదిలిందా? ఎంత గుర్తు చేసుకున్నా తోక గుర్తుకు రావడం లేదు. షెడ్డులో చలి, వేళ్ళ మధ్య సూది, బల్ల మీద ఇదే కత్తెర గుర్తుకొచ్చాయి. రోజూ పని అయ్యాక నేల మీద ఊడ్చి పారేసిన మైనం దారపు ముక్కలు కూడా గుర్తుకొచ్చాయి. తోకలు వదిలి ఉంటే అన్ని ముక్కలెందుకు ఉంటాయి?

"అక్కా, ఏమైంది?" అంది ఆ పిల్ల.

ఏం లేదని చెప్పి కత్తెర జేబులో పెట్టుకుంది. మూడో పక్కటెముక మొద్దు మోత చెవిలో మళ్ళీ మళ్ళీ వినిపిస్తోంది.

పని దిగి ఇంటికి వెళ్ళేసరికి నాలుగున్నరయింది. వాళ్ళమ్మ ఎర్జీ బడి వంటశాలలో పనిచేస్తుంది. సెలవులు గనక ఇంట్లోనే ఉండి, వంటింటి బల్ల మీద పుల్ల చెర్రీల బుట్ట పెట్టుకుని జడపిన్నుతో గింజలు తీస్తోంది. మోచేతుల దాకా ఎర్రగా ఉంది. ఎనికో బట్టలు మార్చుకోకుండా కుర్చీలో కూలబడింది. అడగకముందే అంతా చెప్పేసింది. తల్లికి రెక్క సంగతి సగమే అర్థమైంది గాని కూతురి ముఖం పూర్తిగా అర్థమైంది.

"నువ్వు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. ఊడేదాకా తెలీదు."

"చెబితే?"

చెబితే ఏమవుతుందో ఎనికో దారిలో సైకిలు తొక్కుతూ పది రకాలుగా ఆలోచించింది. పిచ్చుక ఆగిపోతుంది. పరీక్ష ఉండదు. శిబిరానికి వేరే ఊరి విమానాన్ని, వేరే ఊరి పైలట్‌ను తెచ్చుకుంటారు. పాడుచేసిన పనికి ప్రతిఫలమేమిటని కొర్నేల్ పన్నెండు గంటలూ కొట్టేస్తాడు. మళ్ళీ పన్నెండు గంటలంటే ఇంకో చలికాలం. పైగా జలాన్ ముందు ఓడిపోతానన్న కుళ్ళుతో ఆఖరి నిమిషంలో పుల్ల పెట్టిందనే అనుకుంటారు. పోనీ ముందు తన విమానం తాను ఎగిరేసి, ముప్పై గంటలు నింపుకుని, దిగిన తర్వాత చెబితే? ఆ ఆలోచన కూడా వచ్చింది. వచ్చినందుకు సిగ్గుపడింది, అయినా అది పోలేదు. ఆమె గంటా ఇరవై నిమిషాలు పైన ఉన్నంతసేపూ పిచ్చుక కూడా పైనే ఉంటుంది, వెనక తాడూ గ్లైడరూ వేలాడేసుకుని. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఎర్జీ ఇంకో నాలుగు చెర్రీలు తీసింది. "ఇవాళ దాంట్లో కూర్చునేది ఆ నూనె వ్యాపారి కొడుకా?"

"ఆఁ."

"వాళ్ళమ్మ నాకు తెలుసు. చర్చిలో నా ముందు బల్ల మీదే కూర్చుంటుంది" అంది తల్లి. బుట్ట తన వైపు లాక్కుంది.

ఎనికో మైదానం చేరేసరికి ఆరుకు పది నిమిషాలుంది. ఆకు కదలడం లేదు. రెండేళ్ళలో అంత మంచి సాయంత్రం చూడలేదు. చిన్న విమానాన్ని ఆమె కోసం అప్పటికే బయటికి తోసి పెట్టారు. దాని పక్కన పిచ్చుక, పిచ్చుక పక్కన కొర్నేల్. జలాన్ ముందు సీట్లో కూర్చుని నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. వెండెల్ తోక దగ్గర వంగి తాడు కొక్కెం లాగి చూస్తున్నాడు. ఏదైనా రెండుసార్లు చూడందే వదలడు.

కొర్నేల్ ఆమెను చూసి గడియారం చూపించాడు. నీ గంట మొదలవుతోంది, కదులు అన్నట్టు. ఎనికో సైకిలు గడ్డిలో పడేసింది. తిన్నగా చిన్న విమానం వైపు నాలుగడుగులు వేసింది కూడా. దాని తలుపు పిడి మీద చెయ్యి వేసింది. పిడి ఎండకు వెచ్చగా ఉంది. అక్కడి నుంచి వెనక్కి తిరిగింది.

"కొర్నేల్, పిచ్చుకను ఎగరనివ్వకు. ఎడమ రెక్కలో నా కుట్లు ఊడుతున్నాయి."

ఆయనకు మొదట వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది, అది మొదటిసారి కంటే కష్టమైంది. ముడుల దగ్గర తోకలు కత్తిరించేశానని, ఫ్యాక్టరీ అలవాటని, ఈ మధ్యాహ్నమే తెలిసిందని, నిన్న కడిగేటప్పుడే అనుమానం వచ్చిందని గబగబా చెప్పేసింది. నిన్నటి మాట దాచి ఉండవచ్చు. నోరు ఒకసారి తెరుచుకున్నాక అదీ వచ్చేసింది.

జలాన్ బెల్టు విప్పుకుని కిందికి దిగాడు. "నీకు దక్కకపోతే ఎవరికీ దక్కకూడదనా?" అన్నాడు. అరవలేదు, మామూలుగానే అడిగాడు. అరిస్తే బాగుండేదనిపించింది ఎనికోకి.

"నిన్న అనుమానం వస్తే ఇవాళ సాయంత్రం ఆరింటికా చెప్పేది?" కొర్నేల్ ముఖం కందగడ్డయింది. "శిబిరానికి నేనేం సమాధానం చెప్పను? ఇరవై మంది పిల్లలు వస్తున్నారు."

వెండెల్ ఎవరి వైపూ చూడలేదు. నిచ్చెన తెచ్చుకుని ఎక్కాడు. మూడో పక్కటెముకను వేలి కణుపుతో రెండుసార్లు కొట్టాడు. జేబులోంచి కత్తి తీసి, బెత్తెడు మేర గుడ్డ కోసి, టార్చి వేసి లోపలికి తొంగి చూశాడు. రెండు వేళ్ళు దూర్చి దారం కొస పట్టుకుని లాగితే, కుట్టుకు కుట్టు విడిపోతూ మూరెడు దారం అతని చేతిలోకి వచ్చింది. ఆ దారాన్ని అతను చూపుడు వేలికి నెమ్మదిగా చుట్టుకుని, తీసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దిగి, షెడ్డులోకి నడిచి, తలుపులు బార్లా తెరిచాడు.

కొర్నేల్ పిచ్చుకను లోపలికి తోయించి, ఎనికోకి రెండే మాటలు చెప్పాడు. ఆ పన్నెండు గంటలు లేవు. రెక్కలు మళ్ళీ కుట్టాలి, ఈసారి దేనికీ ఏ లెక్కా లేదు. చిన్న విమానం సాయంత్రమంతా గడ్డిలో అలాగే నిలబడి ఉంది. ఆకు కదలలేదు.

శనివారం పరీక్షాధికారి వచ్చి, కాఫీ తాగి, వెళ్ళిపోయాడు. ఆగస్టు చివర్లో మళ్ళీ వస్తాడట. ఎనికో ఫ్యాక్టరీకి సెలవు పెట్టింది. సముద్రం చూడాలని తల్లీ కూతుళ్ళు దాచుకున్న సెలవు అది.

పట్టీలు పీకి చూస్తే రెక్కల్లో మొదటి పదకొండు పక్కటెముకలకు తోకలే లేవు. పన్నెండో దాని నుంచి ఉన్నాయి. చెయ్యి ఎప్పుడు మారిందో, ఎందుకు మారిందో ఎనికోకి గుర్తు రాలేదు. చలికాలంలో రెక్కలు విప్పి నిలబెట్టుకుని ఒక్కతే అటూ ఇటూ తిరిగి కుట్టింది. ఇప్పుడు విప్పే వ్యవధి లేదు గనక ఆమె నిచ్చెన మీద, వెండెల్ రెక్క కింద. ఆమె పైనుంచి మూరెడు సూది దించితే, అతను కింద అందుకుని పక్కటెముకకు అవతలి వైపు నుంచి పైకి పంపిస్తాడు. దించు, పంపు. దించు, పంపు. అతను నోరు విప్పి మాట్లాడింది లేదు. కోపంగా ఉన్నాడేమో, అసహ్యించుకుంటున్నాడేమో ఆమెకు తెలియలేదు. రెక్క అడ్డంగా ఉంది, ముఖం కనబడదు. సూది మాత్రం ప్రతిసారీ ఆమెకు ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే పొడుచుకుని వచ్చేది. ప్రతి దారం చివరా ఆమె ముడి వేసి, కత్తెర పక్కన పెట్టి, తోకను వేలి కణుపుతో కొలిచి లోపలికి తోసేది. తోసి మళ్ళీ బయటికి లాగి కొలిచేది. దొంగను కాసినట్టు తన చేతిని తానే కాపలా కాయడం అలవాటైంది.

సోమవారం నుంచి నెత్తి మీద వేరే ఊరి లాగుడు విమానం మోత. ప్రతి పది నిమిషాలకు ఒకటి పైకి పోవడం, తాడు వదలడం, దిగడం. ఎనికో వినకూడదనుకుంది, కానీ లెక్కపెట్టుకుంటూనే ఉంది. సాయంత్రానికి ముప్పై నాలుగు. అవన్నీ ఆ ఊరి పైలట్ పుస్తకంలోకి పోయాయి. ఆమె ఏడవలేదు గాని, ఒకసారి సూది దించడం మరిచిపోయి రెక్క మీద చెయ్యి వేసుకుని ఊరికే నిలబడిపోయింది. కింద వెండెల్ తొందరపెట్టలేదు. చాలాసేపటి తర్వాత, బోద్రీ, మీరు నా కాలి మీద పడుకున్నారు, అన్న మాట మాత్రం వినిపించింది.

మంగళవారం మధ్యాహ్నం జలాన్ నూనెలో వేయించిన లాంగోష్ రొట్టెలు మూడు కాగితంలో చుట్టుకుని వచ్చాడు. వెల్లుల్లి వాసన షెడ్డంతా నిండింది. తినేటప్పుడు అతను తెరిచిన పక్కటెముకలను ఒక్కొక్కటే చూస్తూ నడిచాడు. మూడో దాని దగ్గర ఆగాడు. శుక్రవారం సాయంత్రం మా అమ్మ కూడా వచ్చింది చూడ్డానికి, కంచె అవతల కారులో కూర్చుంది, అన్నాడు. తర్వాత కాసేపు వెండెల్ బదులు తానే రెక్క కిందికి దూరి సూది అందుకున్నాడు. రెండుసార్లు వేలికి గుచ్చుకున్నాడు, సూది ఒక్కసారి కూడా సరైన చోటికి రాలేదు. వాళ్ళ మధ్య ఆ శుక్రవారం మాట మళ్ళీ రాలేదు.

గురువారం సాయంత్రానికి రంగు ఆరింది. శిబిరం వాళ్ళు ఆ రోజుకు దిగి, గ్లైడర్లకు ముసుగులు వేసుకుంటున్నారు. మరమ్మతు తర్వాత ముందు ఒకరు ఎగిరి చూడాలి, తర్వాతే మిగతావాళ్ళు. కొర్నేల్ తలకు టోపీ పెట్టుకుని వచ్చి ముందు సీట్లోకి కాలు పెట్టబోయాడు. వెండెల్ విమానం మరమ్మతుల పుస్తకం చంకలో పెట్టుకుని రెక్క దగ్గర నిలబడి ఉన్నాడు.

"మీరు కాదు" అన్నాడు. "పారాచూట్ మడిచినవాళ్ళే ముందు దూకాలని మీరే కదా కుర్రవాళ్ళకు చెబుతారు. కుట్టినావిడ ఎగరాలి."

కొర్నేల్ అడ్డం చెప్పాడు. పోయిన శరత్కాలం తర్వాత ఎనికో పిచ్చుకను నడపలేదు, దాని మీద మొత్తం నాలుగే గంటలున్నాయి, పైగా ఎవరి చేతి తప్పు వల్ల ఇదంతా జరిగిందో ఆ చేతికే ఇవ్వమంటున్నారా అన్నాడు. తప్పన్న మాట వినగానే ఎనికో తల దించుకుంది. ఆరు రోజులుగా ఆ మాట ఆమె మనసులో తిరుగుతూనే ఉంది, పైకి వినబడటం ఇప్పుడే.

వెండెల్ పుస్తకం తెరిచి మార్చి నెల పేజీ చూపించాడు. "ఈ సంతకం ఎవరిది? నాదే. పట్టీలు అంటించకముందు ప్రతి ముడీ చూసి పెట్టవలసిన సంతకం. నేను చూడలేదు." అతను సంతకం మీద వేలు పెట్టాడు. "కుట్టు అంత అందంగా ఉంటే విప్పి చూడబుద్ధి కాలేదు. నలభై ఏళ్ళలో మొదటిసారి. విమానాల తనిఖీ కార్యాలయానికి రాయాల్సింది నేను రాసి పంపించాను. ఆవిడ పన్నెండు గంటలు కొట్టేస్తే, ఈ నలభై ఏళ్ళు కూడా కొట్టేయండి."

చొక్కా జేబులోంచి ఆ దారం తీసి, ఆ పేజీలో పెట్టి, పుస్తకం మూశాడు. కొర్నేల్ సీట్లో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. గంటల సంగతి దిగాక చూద్దామన్నాడు. పక్కకు తప్పుకుని, చుట్టూ రెండుసార్లు తిరిగి దిగు, దూరం పోకు, అని ఎనికోతో అన్నాడు.

ఎనికో ముందు సీట్లో కూర్చుంది. బెల్టు బిగించుకుంటుండగా విమానం ఒక పక్కకు ఒరిగింది. వెనక సీట్లోకి ఎవరో ఎక్కుతున్నారు. ఒక మోకాలు, ఆ తర్వాత గ్రీజు మరకల కోటు, ఆ తర్వాత రొప్పు.

"వెండెల్ బాబాయ్, మీరా?"

"కుట్టినవాళ్ళు ముందు సీట్లో. చూడనివాడు వెనక సీట్లో" అన్నాడు. కింద బోద్రి మొరిగింది. అది పుట్టిన తర్వాత అతను నిచ్చెన కంటే ఎత్తుకు ఎక్కింది లేదు. గడ్డిలో నిలబడ్డ శిబిరం పిల్లలకు ఏం జరుగుతోందో తెలియదు గాని, కొర్నేల్ మాత్రం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పిచ్చుక గడ్డి మీద గంతులు వేసి, తోక లేపి, తేలిపోయింది. ఎనికో ఇంజను మోత వెనక ఇంకో చప్పుడు కోసం చెవులు రిక్కించింది. వదులైన గుడ్డ గాలికి పటపట కొట్టుకుంటుంది, అది వినబడితే వెంటనే దిగాలి. నూరు మీటర్లు. రెండు వందలు. ఎడమ వైపు నుంచి ఏమీ లేదు. మూడు వందల దగ్గర మలుపు తిప్పింది, ఎడమ రెక్క టిసా మీదికి వాలింది, నది మీద ఎండ మెరిసింది. ఆమె సీటు వెనక అంచును రెండు చేతులు బిగించి పట్టుకున్నాయి. ఆ పట్టు వీపుకు తగులుతోంది.

ఆమె ఎడమ రెక్క వైపే చూస్తూ విన్నది. మూడో పక్కటెముక ఎక్కడుంటుందో కళ్ళు మూసుకున్నా చెప్పగలదు. గుడ్డ నోరెత్తడం లేదు.

హెడ్‌ఫోన్లలో కాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత వెండెల్ గొంతు, ఎన్నడూ విననంత సన్నగా వచ్చింది.

"తోక ఎంత వదిలావు నువ్వు?"

ఎనికోకి ప్రశ్న అర్థమైంది. ఆ చివరి 'నువ్వు' దగ్గర ఆగిపోయింది.

"ఒకటిన్నర అంగుళం" అంది.

వెనక చేతులు సీటు అంచును కొంచెం వదిలాయి.

"అంగుళం చాలు" అన్నాడు. "అయితే ఇంకాస్త పైకి పోనీ."